ఊదారంగు గ్రహం

బర్‌బాంక్‌లో, మూడో అంతస్తులో, కిటికీ తెరుచుకోని గదిలో
నలభై ఏళ్ల నక్షత్రయానానికి నేను పద్దులు రాస్తాను.
ఏ ఓడ ఎప్పుడు బయల్దేరింది, ఎవరికి ఎవరేమవుతారు,
ఏ సూర్యుడు ఏ భాగంలో ఆరిపోయాడు,
అన్నీ ఈ ఆకుపచ్చ బైండరులో.
ఇందులో ఉన్నది జరిగింది.
లేనిది జరగలేదు.
దేవుడికి కూడా ఇంత సులువు కాదనుకుంటాను.

ఇవాళ్టి తగువు పాతదే.
డెబ్బై ఏడులో, శనివారం పొద్దున్నే,
పిల్లలు పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని చూసిన
ఆ పదిహేడు బొమ్మల భాగాలు
మన చరిత్రలోవా, కావా?

ప్రాట్‌నర్ కావన్నాడు.
కొత్తగా చేరిన లాయరు తలూపాడు.
జాబితా తెచ్చుకున్నారు:
కెప్టెన్ మచ్చ ఎడమ చెంప మీంచి కుడి చెంపకి దూకింది,
ఖర్చు కలిసొస్తుందని షీటు తిరగేసి వాడారు కాబట్టి.
ఇంజను గది తలుపు వారానికో గోడలో తేలింది.
నావికుడికి తోక మొలిచింది.
అసలు సీరియల్లో తోక కుట్టించే స్తోమత లేదు,
బొమ్మలో అయితే ఇంకో గీత, అంతే కదా.
ఇక ఆ గ్రహం!
ఊదారంగు ఇసుక, ఊదారంగు సముద్రం,
ఒడ్డున ఊదారంగు కోడిపిల్లలు.
"ఏ శాస్త్రం ఒప్పుకుంటుంది?" అన్నాడు ప్రాట్‌నర్.

ఒఫీలియా బెనవీడెస్ ఒప్పుకుంది.
రెసీడాలో ఒక రేకుల షెడ్డులో
షీటుకి నలభై సెంట్లకు రంగులు నింపిన మనిషి.
నిన్న ఫోన్లో అడిగితే నవ్వింది, తర్వాత చాలాసేపు దగ్గింది.
"నీలం అయిపోయింది ఇడెల్లా. శుక్రవారం రాత్రి. కొట్టు మూసేశారు.
ఊదా ఉంది. పోసేశాను.
నా పేరు ఎక్కడా వేయలేదు కానీ
గ్రహానికి మాత్రం పేరు పెట్టారు."

మూలంలో లేదు, మధ్యలో ఎవరో చొప్పించారు,
ప్రక్షిప్తం అంటారా, అనండి.
కానీ ఆ మూలంలో కొండలు థర్మాకోల్‌వి.
మొదటి భాగంలోనే ఒక బండ దొర్లి
కెప్టెన్ బూటు మీద పడి, బంతిలా ఎగిరింది.
అది మాత్రం చరిత్ర. తొమ్మిదో పేజీ చూడండి:
'తక్కువ గురుత్వాకర్షణ.'
నా ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన రాసింది.
అబద్ధానికి గోడకట్టు వేయడం
ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

దీపాలార్పి, తొంభై ఆరులో వచ్చిన పెద్ద సినిమా వేశాను.
డాక్టరు చనిపోయే చోటు.
ప్రాట్‌నర్ అక్కడ కళ్లు తుడుచుకోవడం ప్రతిసారీ చూస్తాను.
డాక్టరు "ఇవెట్టా" అంటాడు, అంతే, చెయ్యి జారిపోతుంది.

ఎవరా ఇవెట్టా?
డెబ్బై ఒక్క భాగాలు జల్లెడ పట్టండి, దొరకదు.
బొమ్మల్లో, పద్నాలుగో దాంట్లో, పదకొండో నిమిషాన
ఊదారంగు ఒడ్డున లాంతరు పట్టుకుని
పెదవులు తప్ప ఏదీ కదలని ఒక ముసలామె.
డాక్టరు తల్లి.
సినిమా రాసిన కుర్రాడు చిన్నప్పుడెప్పుడో చూశాడు,
చూసిన సంగతి మరిచిపోయాడు,
పేరు మాత్రం అతనిలో మిగిలింది.
అందరికీ తెలిసిందే అనుకుని రాశాడు.

బొమ్మలు కొట్టేస్తే
అంతటి మనిషి ఆఖరి ఊపిరితో పిలిచింది
ఎవరినీ కాదు.

లాయరు గొంతు సవరించుకున్నాడు.
"తల్లిని ఉంచుదాం. గ్రహం తీసేద్దాం."
ఆమె ఎక్కడ నిలబడాలి బాబూ, అన్నాను.
ఎవరూ జవాబివ్వలేదు. భోజనం వేళయింది.
వచ్చే నెలకి వాయిదా.

నేను పెన్సిల్ తీసి, ఖాళీ పేజీలో,
'సముద్రం: ఊదా. కారణం: నీలం అయిపోయింది' అని రాసుకున్నాను.
పెన్సిల్ రాతకి విలువ లేదని ఇక్కడి నియమం.
ఆ నియమం కూడా పెన్సిల్‌తోనే రాసి ఉంది.

సాయంత్రం ఒఫీలియాకి ఫోన్ చేశాను.
ఏం తేల్చారని ఆమె అడగలేదు.
"కోడిపిల్లలు చూశావా" అంది,
"ఎంత బాగా నడిచేవో."